మూడో చీకటి

లాగ్ 317. చివర రాసి, ముందు అతికించిన పేజీ

గనగళ్ళ ఎర్రమ్మ పొట్ట తెరిచి ఉండగా, లోపల గడ్డలు ఇంకా మిగిలాయేమోనన్న అనుమానం నాకు ఉండగా, నేను మూడోసారి "చీకటి" అని అరిచాను. అది తప్పు. పొరపాటు అనను. పొరపాటంటే తెలియక చేసేది. నా వేళ్ళు మీట మీదే ఉన్నాయి. రెండు గీతలు కిందికి తిప్పితే తెలిసిపోయేది. తిప్పలేదు.

నా మాట విని డాక్టరమ్మ కుట్లు వేశారు. "కడుపు శుభ్రం" అని ఎర్రమ్మకు కాగితం ఇచ్చారు. డెబ్భై ఒక్క రోజుల తర్వాత ఆమె ఉబ్బిన పొట్టతో తిరిగి వచ్చింది.

నా పేరు మైలపల్లి దానయ్య. ఇరవై రెండేళ్ళు. సముద్రం మధ్య మన దిబ్బ ఆసుపత్రిలో, దీపం గదిలో పని. బడికి నాలుగేళ్ళు వెళ్ళాను. కెమెరాల పని ఎవరూ నేర్పలేదు, చెడిపోయినవి విప్పుకుని నేర్చుకున్నాను. ఈ లాగ్ చదవాల్సింది ఆసుపత్రి మండలి, అంటే మీరు తొమ్మిది మంది. మూడు నెలలకోసారి సంతకాలు పెడతారు. చదవరు. చదివి ఉంటే లాగ్ 230 దగ్గరే నన్ను పిలిపించి ఉండేవాళ్ళు. ఈసారి చదవండి.

పాత పేజీలు దిద్దలేదు. అప్పుడు ఎంత పొగరుగా రాశానో అలాగే ఉంచాను, మీకు కనబడాలని. ఇప్పటి మాట ఎక్కడ చెప్పాల్సి వచ్చినా "ఇప్పుడు" అని పెట్టి రాశాను.

లాగ్ 214

ఉదయం ఏడుకి దీపం గది తెరిచాను. కెమెరా అద్దం స్పిరిట్‌తో తుడిచాను. ఉప్పు గాలికి అద్దం అంచుల్లో మళ్ళీ తెల్లటి పొర కట్టింది, గోటితో గీకాల్సి వచ్చింది. ఆపరేషన్ గది పాత ఓడ అడుగు అరలో ఉంది కాబట్టి కిటికీలు రెండే. రెండింటికీ నల్లగుడ్డ బిగించాను. యంత్రాల మీద వెలిగే చిన్న ఎర్ర చుక్కల మీద కూడా నల్ల టేపు వేశాను. ఎక్కడ ఏ వెలుగున్నా కెమెరా దాన్నే చూస్తుంది.

మిణుగురు మందు సీసాలు తొమ్మిది మిగిలాయి. వెలుతురు తగిలితే పాడవుతుంది కాబట్టి నల్లగుడ్డ సంచిలోనే లెక్కపెట్టాను, చేత్తో తడుముతూ.

వచ్చే వారం ఆపరేషన్‌కు ఇద్దరున్నారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు. పెద్దపేగులో పుట్టి, పొట్ట లోపలి పొర మీద గింజలు గింజలుగా రాలిన గడ్డ. ఇద్దరికీ ఈ రోజే మందు ఎక్కించారు. నాలుగు రోజుల్లో మందు వెళ్ళి గడ్డలకు పట్టుకుంటుంది. మామూలు కంటికి ఏమీ కనిపించదు. నా దీపం కింద, నా తెర మీద, గింజంత గడ్డ కూడా తెల్లగా వెలుగుతుంది. వెలిగినదాన్ని డాక్టరమ్మ తీసేస్తారు.

ఈ నాలుగు రోజులూ వాళ్ళకు నాచు రొట్టె పెట్టకూడదు, గంజన్నమే పెట్టాలి. నాచులోని పచ్చదనం కూడా నా దీపానికి వెలుగుతుంది. దిబ్బ మీద మూడు పూటలా నాచు తినేవాళ్ళ పేగు తెర మీద ట్యూబులైటులా ఉంటుంది.

వరి పండే కొండ నుంచి బియ్యం పడవ రాలేదు. వంటింట్లో రెండు రోజులకే ఉన్నాయి.

లాగ్ 218

ఆపరేషన్ ఆగిపోయింది. బియ్యం అయిపోయాక ఇద్దరు రోగులకూ రెండు రోజులు నాచు రొట్టె పెట్టారు, నాకు చెప్పలేదు. మొదటి రోగి పొట్ట తెరిచాక దీపం వేస్తే తెరంతా తెలుపు. పేగు ఏదో, గడ్డ ఏదో తెలియలేదు. డాక్టర్ సుభాషిణి గారు అయిదు నిమిషాలు చూసి, "మూసేద్దాం దానయ్యా" అన్నారు. తెరిచిన పొట్ట తెరిచినట్టే మూయడం నేను ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం సూపరింటెండెంట్ లింగరాజు గారు దీపం గదికి వచ్చారు. ఇదివరకు ఎప్పుడూ రాలేదు. గుమ్మం తగిలి తల బొప్పి కట్టింది.

"పడవ ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. నలభై మంది లైన్లో ఉన్నారు. నువ్వు తెలివైనవాడివంటారు కదా, ఏదో ఒకటి చెయ్యి."

"బియ్యం లేకపోతే నానేటి సెయ్యగలను సార్?"

"అది నువ్వే చెప్పాలి."

లాగ్ 221

చేశాను!

తెరకు ఒకటి నుంచి పది దాకా గీతలుంటాయి. మీట ఏ గీత మీద ఉంటే, దానికంటే తక్కువ వెలిగేదంతా నల్లగా మారుతుంది. మనం ఎప్పుడూ మూడు మీద పెడతాం. నాచు తిన్న పేగు నాలుగు దాకా వెలుగుతుంది. అందుకని బోర్డు విప్పి, తీగ మార్చి, మీట అయిదు మీద నిలిచేలా చేశాను. పేగు మాయం! గడ్డ మాత్రం మిగిలింది. పాత రికార్డింగ్ వేసి చూశాను. రేగిపండంత గడ్డ, నల్లటి తెర మీద చుక్కలా ఉంది.

డాక్టరమ్మను పిలిచి చూపించాను.

"చిన్నవి కూడా కనిపిస్తున్నాయా?" అని అడిగారు.

"కనిపిస్తన్నాయమ్మా."

అందరూ దీన్ని "దానయ్య గీత" అంటున్నారు.

*ఇప్పుడు:* పాత రికార్డింగ్ ఒక్కటే చూశాను. అందులో ఉన్నవన్నీ పెద్ద గడ్డలే. చిన్నవి ఎంత వెలుగుతాయో నేను చూడలేదు. కనిపిస్తున్నాయని ఆమెతో ఎందుకన్నాను? ఆమె నా వైపు చూసిన చూపు వల్ల. అలా నన్ను ఎవరూ చూడలేదు. చిన్న గడ్డలు కూడా నాలుగు, నాలుగున్నర దగ్గరే వెలుగుతాయి. పేగును మాయం చేసిన గీత వాటినీ మాయం చేసింది. ఇది తెలుసుకోవడానికి ఒక గంట పట్టేది. ఆ గంట నేను స్నేహితులతో కూర్చుని గీత గురించి గొప్పలు చెప్పుకున్నాను.

లాగ్ 230

బియ్యం పడవ వచ్చింది. ఎనభై బస్తాలు. వంటింటికి వెళ్ళి, రేపు మందు ఎక్కించే ఇద్దరికీ గంజన్నం మొదలుపెట్టమన్నాను. వంటమనిషి నవ్వాడు. "నీ గీత వొచ్చినాక ఇంక అన్నమెందుకురా? సార్ కాయితమిచ్చేసినారు. బియ్యమంతా సముద్రానికి కట్ట కట్టేవోళ్ళకి."

లింగరాజు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్చీ చూపించారు. కూర్చున్నాను. ఒక కాగితం నా ముందుకు జరిపారు. అందులో ఇలా ఉంది: "తెర శుభ్రంగా కనిపిస్తున్నందున రోగులకు అన్నం పథ్యం అవసరం లేదు. సాంకేతికంగా ఎటువంటి ఇబ్బందీ లేదు."

"కింద నీ సంతకం కావాలి. దీపం విభాగం తరఫున."

నేను విభాగమని నాకు అప్పుడే తెలిసింది. సంతకం పెట్టాను. పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా.

*ఇప్పుడు:* నాలుగు రోజుల కోసం చేసిన అతుకు అది. పడవ వచ్చేదాకా నెట్టుకురావడానికి. పడవ వచ్చిన రోజే తీసేసి మీట మూడు మీదికి తిప్పాల్సింది. బదులుగా, నేను బాగా అతికించాను కాబట్టే బియ్యం ఆగిపోయాయి. నేను ఏమీ చెయ్యకుండా ఉంటే ఆపరేషన్లు ఆగేవి, రోగులు ఆలస్యమయ్యేవాళ్ళు, కానీ పడవ రాగానే అన్నం తినేవాళ్ళు. మండలి పెద్దలారా, కట్ట కట్టేవాళ్ళకు బియ్యం పెట్టడం తప్పని నేను అనను. ఎనభై బస్తాల్లో రోగులకు కావాల్సింది ఒక్క బస్తా. ఆ ఒక్క బస్తా కూడా వదల్లేకపోయారు. అది మీ కాగితం. కింద ఉన్నది నా పేరు.

లాగ్ 236

పదో వార్డులో కొత్త రోగి. గనగళ్ళ ఎర్రమ్మ, నలభై ఆరేళ్ళు. వలలు అల్లుతుంది. మంచం మీద కూడా దబ్బనం వదల్లేదు. మందు ఎక్కించి రెండు రోజులైంది. చర్మం కింద ఎలా పట్టిందో చూడ్డానికి చిన్న దీపంతో వెళ్ళాను.

"ఏటి అల్లుడా, నా కడుపులో దీపాలెట్టి సూత్తావట?"

"ఒకటే దీపం పెద్దమ్మా."

"ఒకటే అయితే ఏటి కనబడద్దిరా? మా ఇంట్లో ఒక దీపమెడితే అన్నంలో రాళ్ళే కనబడవు."

"ఈ దీపానికి కనబడతాయి."

"అన్నీ?"

"అన్నీ."

ఆమె పక్క మంచం వైపు తిరిగి, "సూసినారా, మా అల్లుడు నా కడుపులో రాళ్ళేరుతాడట," అంది. వార్డంతా నవ్వింది. నాకు కూతురినిస్తానంటుంది. కూతురుందా అని అడిగితే, "లేదు, ఉంటే ఇద్దునని సెప్తన్నాను," అంది.

మధ్యాహ్నం ఆమె పళ్ళెంలో నాచు రొట్టె, ఉప్పు చేప.

లాగ్ 238

ఈ రోజు దక్షిణం రేవు ఆసుపత్రి నుంచి నలుగురు వచ్చారు, నా గీత చూడ్డానికి. లింగరాజు గారు వాళ్ళను అద్దం వెనక నిలబెట్టారు. నాకు కొత్త టోపీ ఇచ్చారు.

ఎర్రమ్మ పొట్ట తొమ్మిదిన్నరకి తెరిచారు. వెలిగిన గడ్డలు పదకొండు. అన్నీ డాక్టరమ్మ తీశారు. తర్వాత గది చీకటి చేసి, కుడి పక్క డొక్కల కింద, ఎడమ పక్క, పొత్తికడుపులో, పేగు మడతల్లో దీపం తిప్పాను. ఏమీ వెలగలేదు. "చీకటి" అన్నాను. నీళ్ళతో కడిగి రెండోసారి తిప్పాను. "చీకటి."

మూడోసారికి ముందు రూతమ్మ సిస్టరు పేగును అటు తిప్పి పట్టుకుంది. ఆవిడ ముప్పై ఏళ్ళుగా ఈ గదిలో ఉంది. దీపం రాకముందు వేళ్ళతోనే గడ్డలు వెతికేది.

"అమ్మా, ఇక్కడ గరుగ్గా తగుల్తంది," అంది. "ఇసకలాగ."

డాక్టరమ్మ తెర వైపు చూశారు. తెర నల్లగా ఉంది. అద్దం వెనక నలుగురూ చూస్తున్నారు.

"దానయ్యా, చీకటేనా?"

"చీకటి," అన్నాను.

కుట్లు పడ్డాయి. మధ్యాహ్నం అందరికీ టీ ఇచ్చారు. దక్షిణం రేవు వాళ్ళు మీట బొమ్మ గీసుకుని వెళ్ళారు.

*ఇప్పుడు:* మూడో చీకటి తర్వాత పొట్టలో ఎవరూ చెయ్యి పెట్టకూడదని ఇక్కడ రూలు. పదేళ్ళ కిందట వేళ్ళతో వెతికి వెతికి పేగు చిరిగి ఇద్దరు పోయారట, అందుకని పెట్టారు. మంచి రూలే. కానీ అది నిలబడేది దీపం పట్టుకున్నవాడి నోటి మీద.

రూతమ్మ "ఇసక" అన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. చెయ్యి మీట మీదికి వెళ్ళింది. మూడుకి తిప్పితే గడ్డలు వెలుగుతాయేమో. కానీ పేగు తప్పకుండా వెలుగుతుంది. ముందు రోజు దాకా ఎర్రమ్మ నాచే తిన్నది. తెరంతా తెల్లబడితే అద్దం వెనక ఉన్న నలుగురికీ తెలిసిపోతుంది, దానయ్య గీత ఏమీ కనిపెట్టలేదని, ఊరికే కప్పిపెట్టిందని.

అందుకని చెయ్యి తీసేశాను. మూడు సెకన్లు పట్టిందేమో. ఈ రెండున్నర నెలల్లో ఆ మూడు సెకన్లు మరిచిపోయినట్టు తిరిగాను. మరిచిపోలేదు.

లాగ్ 249

ఎర్రమ్మ ఇంటికి వెళ్ళింది. వెళ్ళేముందు దీపం గది గుమ్మం దగ్గరికి గోడ పట్టుకుంటూ వచ్చింది. గది తాళంచెవి మెడలో వేసుకోవడానికి నీలం దారంతో తాడు అల్లింది.

"వల ముడి ఇది. ఏనుగు లాగినా ఊడదు. నా కడుపులో రాళ్ళేరినందుకు."

మెడలో వేసుకున్నాను.

*ఇప్పుడు:* వేసుకున్నాను. ఆ తాడు వేసుకుని ఇంకా పద్దెనిమిది ఆపరేషన్లలో మూడో చీకటి అరిచాను.

లాగ్ 309

ఎర్రమ్మ వచ్చింది. మొదట గుర్తుపట్టలేదు. మొహం సగమైంది, పొట్ట మాత్రం నిండు చూలాలిలా ఉంది. స్ట్రెచర్ మీద నుంచే నన్ను చూసి, "అల్లుడా, ఏదో ఒక రాయి ఒగ్గీసినావురా," అంది. నవ్వింది. ఆమె వేళాకోళానికే అంది.

నేను మరుగుదొడ్డిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

లాగ్ 310

కెమెరా ప్రతి ఆపరేషన్‌నూ రికార్డు చేస్తుంది. గీత తెర మీద కనిపించేదాన్నే మారుస్తుంది, లోపల దాచినదాన్ని మార్చదు. 238 నాటి రికార్డింగ్ తీసి, మీటను మూడుకి తిప్పి వేశాను.

పేగంతా తెల్లగా వెలిగింది. పేగు పక్కన, రూతమ్మ వేలు పెట్టిన చోట, విడిగా చుక్కలు. ఒకటి, రెండు, మూడు. ఆపి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. తొమ్మిది. సిస్టర్ వేలు మూడో చుక్క మీదే ఉంది. వెనక నా గొంతు వినిపించింది. "చీకటి." ఎంత గట్టిగా, ఎంత బాగా అరిచానో.

తర్వాత మిగతావన్నీ తీశాను. గీత మార్చాక మూడో చీకటి చెప్పించుకుని వెళ్ళినవాళ్ళు ఎర్రమ్మతో కలిపి ఇరవై ముగ్గురు. ఎర్రమ్మ కాక ఇరవై ఇద్దరు. వాళ్ళలో అయిదుగురి రికార్డింగ్ నిజంగా శుభ్రంగా ఉంది. ఏడుగురిలో చుక్కలు మిగిలాయి. పది మందిలో పేగు వెలుగు ఎంతుందంటే ఏమీ చెప్పలేను. ఆ పది మంది గురించే ఎక్కువ భయంగా ఉంది.

లాగ్ 311

డాక్టరమ్మకు చూపించాను. నిలబడే చూశారు. చూశాక ఆపరేషన్ గది మెట్ల మీద కూర్చుండిపోయారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ రోజు రూతమ్మ చెప్పింది," అన్నారు. "నేను తెర వైపు చూశాను. ఆవిడ వేలి వైపు చూడలేదు."

"నాను అబద్ధమాడినానమ్మా. సిన్నవి కనిపిస్తన్నాయని."

"నువ్వు ఒకసారి చెప్పావు. ఆ తర్వాత నేను మళ్ళీ అడగనేలేదు." మెట్ల మీంచి లేచారు. "ఎర్రమ్మకు ఈ రోజు నుంచి అన్నం పెట్టించు. బియ్యం నా ఇంట్లో ఉన్నాయి. మందు ఎక్కిద్దాం."

లింగరాజు గారికి కూడా చూపించాను. ఆయన తలుపు వేశారు.

"ఇది బయటికి వెళ్తే ఏమవుతుందో తెలుసా? దీపం మూసేస్తారు. లైన్లో ఇంకా ముప్పై మంది ఉన్నారు. వాళ్ళెవరూ రారు. వాళ్ళను చంపుతావా?"

"ఆ ఇరవై ఇద్దరి సంగతేటి?"

"నొప్పి వస్తే వాళ్ళే వస్తారు."

"నొప్పి వొచ్చేసరికి ఎర్రమ్మలాగ వొస్తారు సార్."

ఆయన బల్ల సొరుగు తీసి ఆ కాగితం చూపించారు. "సాంకేతికంగా ఎటువంటి ఇబ్బందీ లేదు. ఎవరి సంతకమిది? నాదా?"

నాదే. లాగ్‌లో తిట్లు రాయకూడదని మొదటి పేజీలో ఉంది. అందుకని ఆయన్ని ఏమన్నానో రాయడం లేదు. కానీ సంతకం నాదేనని ఆయన అన్న మాట తప్పు కాదు. అదే నన్ను కాల్చేస్తోంది. ఆయన్ని తిట్టినంతసేపు కూడా నేను నిజం చెప్పినవాడిలా కనిపించాలని తిట్టాను.

లాగ్ 314

గంజన్నం మొదలుపెట్టిన నాలుగో రోజున ఎర్రమ్మ పొట్ట తెరిచారు. మీట మూడు మీద ఉంది. పేగు నల్లగా, శుభ్రంగా ఉంది. అన్నం తింటే ఇలా ఉండాలి.

లైట్లు తీసేశాను. దీపం వేశాను.

లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడానికి లేదు. డొక్కల కింద, పొత్తికడుపులో, పేగు పొడుగునా, ప్రతి మడతలో వెలుగే. పెద్దపేగులో అయితే కోసి తీయొచ్చు. చిన్నపేగంతా పట్టేస్తే దాన్ని తీసి మనిషిని బతికించలేరు. డాక్టరమ్మ నీరు తీయించి, ఒక ముక్క పరీక్షకు తీసుకుని, మూసేశారు.

నన్ను ఎవరూ చీకటి అడగలేదు. రూతమ్మ సిస్టరు నా పక్క నుంచి వెళ్తూ నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యకుండా వెళ్ళింది. అది సరైన పనే.

డాక్టరమ్మ లెక్క ప్రకారం మందులతో అయిదారు నెలలు. 238న ఆ తొమ్మిది చుక్కలూ తీసి ఉంటే? "ఏళ్ళు ఉండేవేమో," అన్నారు. "ఖాయంగా చెప్పలేను. కానీ అవకాశం ఉండేది."

లాగ్ 316

జబ్బు సంగతి డాక్టరమ్మ నిన్ననే ఎర్రమ్మకు చెప్పారు. నా సంగతి నేనే చెప్తానన్నాను. పొద్దున్న పదో వార్డుకి వెళ్ళాను. ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది. చేతిలో దబ్బనం లేదు.

చెప్పాను. గీత, నాచు, బియ్యం, సంతకం, అద్దం వెనక నలుగురు, మీట మీద చెయ్యి. అన్నీ. మధ్యలో ఆపలేదు, ఆమె కూడా ఆపలేదు.

"ఆ రోజు నీకు తెల్సా?" అంది.

"అనుమానమొచ్చింది."

"అనుమానమొచ్చినోడివి మరేటి, నోరు పడిపోయిందా?"

"బయటోళ్ళు సూత్తన్నారు పెద్దమ్మా. నా గీత తప్పని తెలిసిపోద్దని..."

"సిగ్గేసిందా?"

"ఆఁ."

ఆమె నా మొహంలోకి చూసింది. వేళాకోళం లేదు.

"కడుపు తెరిసీసి, గుడ్డ కూడా లేకండా, పదిమంది ముందర పడుకున్నది నాను. సిగ్గు నీకేసిందా?"

  ఈ లాగ్ అంతా రాసినా దానికి జవాబు కాదు.

"అల్లుడా" అని ఆమె పిలవలేదు. ఒక్కసారి కూడా.

"ఆ తాడిలాగియ్యి," అంది.

మెడలోంచి తీసి, తాళంచెవి విడదీసుకుని, తాడు ఇచ్చాను. దాన్ని వేళ్ళకు చుట్టుకుని తలగడ కింద పెట్టుకుంది.

"నాలాటోళ్ళు ఇంకెంతమంది?"

"ఇరవై ఇద్దరు. ఏడుగురికి ఉన్నట్టు కనబడతంది. పదిమందికి తెల్దు."

"ఆళ్ళకి సెప్పినావా?"

"నా దగ్గర నంబర్లే ఉన్నాయి. పేర్లు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. సార్ ఇవ్వనన్నారు."

"బీరువా ఎందుకురా?" అంది, మొదటిసారి కోపంగా. "పక్క మంచం సూరీడమ్మ, ఉప్పు మడుల కాడుంటాది. ఆ పక్కన పడవలకి తారు పూసే బైరాగి. కిటికీ కాడ పడుకున్న గుంట, బడిలో పాటలు సెప్పుద్ది, లచ్చిమి కాదు, ఆళ్ళక్క లచ్చిమి, ఈ గుంట సింహాచలం. ఆ గుంట నొప్పంటే నానే కాళ్ళు పిసికినాను. రాసుకో."

రాసుకున్నాను. తన వార్డులో పడుకున్నవాళ్ళలో తొమ్మిది మంది పేర్లు, ఇళ్ళు, ఎవరి పక్కన ఎవరున్నారో సహా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆయాసపడి ఆగింది. నేను నీళ్ళు అందించబోతే నర్సును పిలిచి తాగింది.

లేవబోతుంటే అంది: "నన్ను సూడ్డానికి రాకు. ఆళ్ళందరికీ సెప్పినాక రా. అప్పుడు తాడు అడుగు. ఇత్తానో ఇవ్వనో అప్పుడు సూత్తాను."

లాగ్ 317

పొద్దున్న బోర్డు విప్పి, తీగ మామూలుగా మార్చి, మీటను మూడు మీద పెట్టి సీసం పోసేశాను. ఇక అది కదలదు. దానయ్య గీత లేదు. దక్షిణం రేవు ఆసుపత్రికి రేడియోలో చెప్పాను: మీరు గీసుకున్న బొమ్మ చింపేయండి, చించామని నాకు చెప్పండి. ఇంకా చెప్పలేదు. రోజూ అడుగుతాను.

ఈ లాగ్ రాయడం నా బాధ దించుకోవడానికి కాదు. నన్ను పనిలోంచి తీసేస్తారని తెలుసు, తీసేయండి. కానీ ముందు ఈ పని చెయ్యండి. చెయ్యగలవాళ్ళు మీరే, బియ్యం గోదాం, బీరువా, ఆపరేషన్ గది మూడింటి తాళాలూ మీ దగ్గరే ఉన్నాయి.

ఇరవై ఇద్దరినీ పిలిపించండి. శుభ్రంగా ఉన్న అయిదుగురిని కూడా. వాళ్ళకు శుభ్రమని చెప్పిన మాట నాదే కాబట్టి దానికి విలువ లేదు. ఒక్కొక్కరికి నాలుగు రోజులు గంజన్నం పెట్టండి. పూటకు నూటయాభై గ్రాముల చొప్పున రెండు పూటలు లెక్కేసినా అందరికీ కలిపి ఇరవై ఆరున్నర కిలోలు దాటవు. ఒక్క బస్తా కూడా కాదు. మందు ఎక్కించి, మీట మూడు మీద పెట్టి మళ్ళీ చూడండి. ఎందుకు పిలిపిస్తున్నారో వాళ్ళకు అబద్ధం చెప్పకండి. మామూలు పరీక్ష అనకండి. మా వల్ల తప్పు జరిగిందని అనండి. నా పేరు చెప్పండి.

ఇక ముందు ఎవరి పొట్ట తెరిచినా, మూడో చీకటి కంటే ముందు రూతమ్మ సిస్టరు వేళ్ళు పెట్టి చూస్తుంది. ఆవిడ గరుగ్గా ఉందంటే, తెర నల్లగా ఉన్నా అది చీకటి కాదు. ఈ మాట రూలులో రాయండి.

దీపం మీద జనానికి నమ్మకం పోతుందని లింగరాజు గారి భయం. పోవచ్చు. ఏడుగురు ఎర్రమ్మలా తిరిగి వచ్చాక పోయే నమ్మకం కంటే, ఇప్పుడు పోయేది చిన్నది.

డాక్టర్ సుభాషిణి గారు, రూతమ్మ సిస్టరు కింద సంతకాలు పెట్టారు. నాది కూడా ఉంది, పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా. ఈసారి చదివి పెట్టాను.

ఎర్రమ్మ చెప్పిన తొమ్మిది పేర్లు నా జేబులో ఉన్నాయి. సూరీడమ్మ ఇంటికి పడవలో గంట. బైరాగి ఇల్లు ఇంకా దగ్గర. మీరు పిలిపిస్తే ఆ మనుషులకు కబురుతో పాటు అన్నం, మంచం, ఆపరేషన్ కూడా దొరుకుతాయి. నేను వెళ్తే కబురు మాత్రమే దొరుకుతుంది. అందుకని మీకు మూడు రోజులు ఇస్తున్నాను. అంతకు మించి ఆగను, వాళ్ళ పొట్టలో ఉన్నది ఆగదు కాబట్టి.

ఈ పేజీ అడుగున సగం ఖాళీ వదిలాను. జవాబు అక్కడ రాయండి, నోటితో చెప్పకండి. అవునో కాదో, తొమ్మిది సంతకాలతో. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటల సైరన్ మోగేసరికి ఆ చోటు ఖాళీగానే ఉంటే, తాళంచెవి బల్ల మీద పెట్టి సూరీడమ్మ ఇంటికి పడవెక్కుతాను.